తర్వాతి మాట ఫోన్‌కి ఎలా తెలుస్తుంది, తెలుగు దగ్గరికొచ్చేసరికి ఎందుకు తడబడుతుంది

‘మంచినీళ్ళు’ అన్న మాట కంప్యూటర్ లెక్కలో పది గుర్తులు. మ, సున్నా, చ, గుడి, న, గుడి దీర్ఘం, ళ, పొల్లు, మళ్ళీ ళ, చివర కొమ్ము. రెండు బొటనవేళ్ళూ ఆడే మనిషికి ఇది మూడు నాలుగు సెకన్ల పని. అదే మాట, చెయ్యీ కాలూ గొంతూ ఏదీ పని చెయ్యక ఒక్క కనురెప్పో ఒక్క వేలి కొసో మాత్రమే కదిలే మనిషి రాయాలంటే ఎలా ఉంటుందో ఒక్కసారి లెక్కేసి చూద్దాం. స్క్రీన్ మీద ఎనిమిది వరసలు, ఎనిమిది నిలువు గళ్ళు, మొత్తం 64 గళ్ళలో తెలుగు అక్షరాలూ గుణింతం గుర్తులూ పేర్చి ఉన్నాయనుకుందాం. ఒక వెలుగు గీత సెకనుకో వరస చొప్పున కిందికి జరుగుతూ ఉంటుంది, కావాల్సిన వరస మీదికి రాగానే స్విచ్ నొక్కాలి, అప్పుడు ఆ వరసలో సెకనుకో గడి చొప్పున పక్కకి జరుగుతుంది, కావాల్సిన గడి దగ్గర మళ్ళీ నొక్కాలి. దీన్నే స్కానింగ్ అంటారు. సగటున ఒక్కో గుర్తుకి తొమ్మిది సెకన్లు. పది గుర్తులకి తొంభై సెకన్లు. దాహం వేస్తోందని చెప్పడానికి నిమిషంన్నర, అదీ ఒక్క నొక్కుడు కూడా తప్పకపోతే.

ఇప్పుడు ఇదే బోర్డ్ పైన, మొదటి వరసలో, ఊహించిన మాటలు చూపించారనుకోండి. మ, సున్నా పడేసరికి ఓ ఇరవై సెకన్లు అయింది, పైన ‘మందు, మంచం, మంచినీళ్ళు’ అని వచ్చాయి, మూడోది ఎంచుకోవడానికి ఇంకో నాలుగు సెకన్లు. తొంభై కాస్తా పాతిక లోపుకి దిగింది. టెక్స్ట్ ప్రెడిక్షన్ అనే దానికి అసలు విలువ ఎక్కడుందో ఈ ఒక్క లెక్క చాలు చెప్పడానికి. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ‘మం’ తర్వాత మందు, మంచం అని రావాలంటే ఆ మోడల్, అంటే ఊహించే ప్రోగ్రామ్, ఇంట్లో మాట్లాడుకునే మాటల మీద నేర్చుకుని ఉండాలి. పేపర్ వార్తలు చదివి నేర్చుకున్నదైతే ‘మం’ దగ్గర మంత్రి, మండలం, మండలి పైకొస్తాయి, అది దాని తప్పు కాదు, దానికి పెట్టిన తిండి అలాంటిది. అప్పుడేమవుతుందంటే పాతిక సెకన్లు కాకుండా వంద అవుతుంది, ఎందుకంటే ప్రతి గుర్తుకీ ఆ పనికిరాని పై వరసని దాటడానికి ఓ సెకను పోతుంది. ఊహ సరిగ్గా కుదిరితే లాభం, కుదరకపోతే ఎదురు భారం, ఈ విషయం రోజువారీ టైపింగ్‌లో పెద్దగా తెలియదు గానీ ఇక్కడ ప్రతి సెకనూ లెక్కకొస్తుంది.

అసలు తర్వాత ఏమొస్తుందో ముందే చెప్పడం ఎలా కుదురుతుంది అంటే, భాష అంతా ఇష్టమొచ్చినట్టు పోదు కాబట్టి. రష్యాలో మార్కోవ్ అనే గణితవేత్త 1913లో పుష్కిన్ కావ్యం నుంచి ఇరవై వేల అక్షరాలు తీసుకుని, అచ్చు తర్వాత హల్లు ఎన్నిసార్లు వచ్చింది, హల్లు తర్వాత హల్లు ఎన్నిసార్లు వచ్చింది అని చేత్తో లెక్కపెట్టాడు, ముందున్న అక్షరాన్ని బట్టి తర్వాతి దాని అవకాశం మారుతుందని చూపించాడు. ఆ తర్వాత 1951లో క్లాడ్ షానన్ అనే అమెరికన్ గణితవేత్త ఇంకో అడుగు వేశాడు. మనుషులకి ఇంగ్లీష్ వాక్యం కొంత చూపించి తర్వాతి అక్షరం ఊహించమన్నాడు, ఎన్నో ప్రయత్నంలో సరిగ్గా చెప్పారో రాసుకున్నాడు. 26 అక్షరాలూ ఖాళీ కలిపి 27 గుర్తులు, ఏమాత్రం అంచనా లేకపోతే ఒక్కోదానికి దాదాపు 4.75 బిట్ల సమాచారం కావాలి (ఒక బిట్ అంటే అవునా కాదా అన్న ఒక ప్రశ్నకి జవాబు), కానీ ముందు వాక్యం తెలిసినవాళ్ళకి ఒక బిట్ అటూ ఇటూ సరిపోతోందని తేలింది. అంటే మనం టైప్ చేసే దాంట్లో చాలా భాగం ఎదుటివాడికి ముందే తెలిసిపోయేదే. ఈ రోజు ఉన్న ప్రెడిక్షన్ పద్ధతులన్నీ, చిన్న ఫోన్ కీబోర్డ్ నుంచి చాట్‌జీపీటీ లాంటి పెద్ద భాషా మోడల్ దాకా, ఆ ముందే తెలిసిపోయే భాగాన్ని మనిషి చేత కొట్టించకుండా ఉండడానికి చేసే ప్రయత్నాలే.

పాత పద్ధతి ఎన్-గ్రామ్. గత ఒకటి రెండు మాటలు చూసి, డేటాలో వాటి తర్వాత ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో చూసి, ఎక్కువసార్లు వచ్చినవి పైన పెట్టడం. ‘పుట్టినరోజు’ తర్వాత ‘శుభాకాంక్షలు’ అన్నట్టు. డేటాలో ఎప్పుడూ కనిపించని జంట వస్తే రెండు మాటలు వదిలి ఒక్క మాటే చూస్తుంది, అదీ లేకపోతే మామూలుగా ఏది ఎక్కువ వాడతారో అది ఇస్తుంది. ఇదే పని అక్షరాల స్థాయిలో చేసే పీపీఎం అనే పద్ధతి ఉంది, నిజానికి అది ఫైళ్ళు కుదించడానికి పుట్టింది, బాగా కుదించగలిగేది బాగా ఊహించగలదు కూడా. దీనిలో మంచి గుణం ఏంటంటే మనిషి రాస్తున్నకొద్దీ అక్కడికక్కడే నేర్చుకుంటూ పోతుంది, పొద్దున కొట్టిన మనవరాలి పేరు సాయంత్రానికి దానికి తెలిసిపోతుంది. నిత్యం అదే ఇంట్లో అదే నలుగురితో మాట్లాడే మనిషికి ఈ చిన్న తెలివి, ప్రపంచమంతా చదివిన తెలివికన్నా ఎక్కువ పనికొస్తుంది.

కంప్యూటర్ లేకుండా కూడా ఇది జరుగుతుంది. ఫ్రెంచ్ పత్రిక ‘ఎల్’ ఎడిటర్ జాన్ డొమినిక్ బోబీకి 1995 డిసెంబర్‌లో స్ట్రోక్ వచ్చి ఎడమ కన్ను రెప్ప తప్ప ఏదీ దాదాపు కదలని స్థితి వచ్చింది. ఎదురుగా కూర్చున్న మనిషి అక్షరాలు చదువుతూ పోతే కావాల్సిన దగ్గర రెప్ప వేసేవాడు. ఆ అక్షరాల వరస ఏ, బీ, సీ కాదు, ఫ్రెంచ్‌లో ఏవి ఎక్కువ వస్తాయో ఆ క్రమంలో, ఈ, ఎస్, ఏ, ఆర్ అని మొదలయ్యేది. అలా ఒక పుస్తకమే చెప్పి రాయించాడు. ఎదురుగా ఉన్నవాళ్ళు సగం మాట వినగానే మిగతాది అందుకోవడం కూడా ప్రెడిక్షనే, ఇక్కడ మోడల్ పనిచేసేది మనిషి బుర్రలో, అంతే.

తెలుగుకి ఈ విషయంలో ఒక వరం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా వాడుకోవట్లేదు. క, చ, ట, త, ప వర్గాలు ఒకటో తరగతి చదివిన ప్రతి ఒక్కరికీ నోటికొచ్చు. ‘క వర్గమా? చ వర్గమా? ట వర్గమా? త వర్గమా?’ అని అడిగి, అక్కడ రెప్ప పడితే ‘త, థ, ద, ధ, న’ అని అడిగితే రెండు మెట్లలో అక్షరం దొరుకుతుంది, ఎదుటి మనిషికి కార్డ్ కూడా అక్కర్లేదు. అ ఆ ఇ ఈ నుంచి బండి ర దాకా వరసగా చదువుకుంటూ పోవడం కంటే ఇది ఎన్నో రెట్లు నయం. ఇంట్లో ఇలాంటి పేషెంట్ ఉన్నవాళ్ళు వర్గంలో కూడా ఎక్కువ వచ్చేదాన్ని ముందు అడగొచ్చు, త వర్గంలో థ, ధ కంటే న, త, ద ముందు అడిగితే చాలా సమయం మిగులుతుంది.

స్టీఫెన్ హాకింగ్ కథ చాలామందికి తెలుసు గానీ అందులో ప్రెడిక్షన్ పాత్ర ఎంతో అంతగా తెలియదు. 1985లో న్యుమోనియా వచ్చి ఊపిరి కోసం గొంతుకి రంధ్రం పెట్టే ట్రాకియాస్టమీ చేశాక మాట పూర్తిగా పోయింది, మొదట్లో అక్షరాల కార్డ్ మీద ఎవరో వేలు పెడుతుంటే కనుబొమ్మ ఎగరేసి చెప్పేవారు. తర్వాత కాలిఫోర్నియా నుంచి వాల్టర్ వోల్టోజ్ అనే ఆయన ఈక్వలైజర్ అనే ప్రోగ్రామ్ పంపారు, చేతిలో ఒక స్విచ్, స్క్రీన్ మీద మాటల పట్టీ, నిమిషానికి పదిహేను మాటల దాకా వచ్చేవి. చెయ్యి కూడా పోయాక కళ్ళజోడుకి పెట్టిన ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్‌తో చెంప కండరం కదలికని పట్టుకున్నారు, ఆ కండరమూ నెమ్మదించి వేగం నిమిషానికి ఒకటి రెండు మాటలకి పడిపోయింది. అప్పుడు ఇంటెల్ వాళ్ళు కొత్త సిస్టమ్ కట్టారు, 2014 డిసెంబర్‌లో బయటికి చెప్పారు, దాని లోపల ఊహించే పని చేసింది ఫోన్లలో వాడే స్విఫ్ట్‌కీ కీబోర్డ్. దానికి హాకింగ్ సొంత పుస్తకాలూ లెక్చర్లూ నేర్పించారు. ఫలితం ఏంటంటే ‘ద’ (ఇంగ్లీష్ the) అన్న మాట ఎంచుకుంటే ‘బ్లాక్’ వచ్చేది, ‘బ్లాక్’ ఎంచుకుంటే ‘హోల్’ వచ్చేది, ఒక్క అక్షరం కూడా టైప్ చెయ్యక్కర్లేదు. ఇంకెవరి కీబోర్డ్‌లోనైనా ‘ద’ తర్వాత ‘బ్లాక్’ ముందు వరసలో రావడం అరుదు. సొంత మాటల మీద నేర్చుకున్న మోడల్ అంటే అదీ. ఆ సిస్టమ్‌ని ఇంటెల్ 2015లో ఓపెన్ సోర్స్‌గా ఉచితంగా పెట్టేసింది, అది చాలా మంచి పని.

మామూలు ఫోన్ల ప్రెడిక్షన్ కూడా ఈ దారినే వచ్చింది. బటన్ ఫోన్లలో ఉండే టీ9 గుర్తుందా, 4663 నొక్కితే ‘గుడ్’, ‘హోమ్’, ‘గాన్’ మూడూ అవ్వచ్చు, డిక్షనరీ చూసి ఏదో అదే తేల్చేది. 1990ల్లో సియాటిల్‌లో దాన్ని తయారుచేసిన టెజిక్ కంపెనీ వాళ్ళు మొదట పనిచేసింది చేతులు ఆడనివాళ్ళు కంటి చూపుతో టైప్ చేసే పరికరం మీద. తక్కువ దిక్కులు మాత్రమే చూడగలిగే కంటికి తక్కువ బటన్లతో ఎక్కువ అక్షరాలు ఎలా ఇవ్వాలి అన్న ప్రశ్నకి దొరికిన జవాబే కోట్ల ఫోన్లలోకి వెళ్ళింది. దాన్ని కట్టినవాళ్ళలో ఒకరైన క్లిఫ్ కుష్లరే తర్వాత వేలు ఎత్తకుండా గీసుకుంటూ పోయే స్వైప్ కూడా తెచ్చాడు. కదల్లేనివాళ్ళ కోసం చేసిన పని అందరికీ అందింది. అందరి కోసం చేసిన పని మాత్రం తిరిగి వాళ్ళ దగ్గరికి, ముఖ్యంగా తెలుగులో, ఇంకా సరిగ్గా చేరలేదు, బాధ అక్కడే.

వీటన్నిటికీ భిన్నంగా ఆలోచించినవాడు కేంబ్రిడ్జ్‌లో భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ మెకే. విద్యార్థి డేవిడ్ వార్డ్‌తో కలిసి డాషర్ అని ఒకటి చేశాడు. అందులో కీబోర్డ్ ఉండదు, మాటల పట్టీ ఉండదు. స్క్రీన్ కుడివైపు నుంచి అక్షరాల పెట్టెలు మన వైపు వస్తుంటాయి, రావడానికి ఎక్కువ అవకాశం ఉన్న అక్షరం పెట్టె పెద్దగా, తక్కువ ఉన్నది చిన్నగా. ఎటు చూస్తే అటు బండి పోతున్నట్టు ఉంటుంది, పెద్ద పెట్టెలోకి దూరితే దాని లోపల మళ్ళీ పెట్టెలు. 2002లో నేచర్ పత్రికలో వచ్చిన వాళ్ళ పేపర్ ప్రకారం కంటి చూపుతో ఇలా నిమిషానికి పాతిక మాటల దాకా రాయొచ్చు. దీని గొప్పతనం ఏంటంటే ఇక్కడ సజెషన్ వేరు, రాయడం వేరు కాదు. ‘పైన ఏమొచ్చిందా’ అని ఆగి చూడక్కర్లేదు, ఊహ తప్పినా కావాల్సిన అక్షరం చిన్న పెట్టెలో అక్కడే ఉంటుంది, కాస్త నెమ్మదిగా దూరితే చాలు.

ఆ ఆగి చూడడం అన్నదే మిగతా పద్ధతుల్లో పెద్ద ఖర్చు. ఎన్ని నొక్కుళ్ళు తగ్గాయి అని లెక్కేసి ‘సగానికి సగం ఆదా’ అని చెప్పుకోవడం తేలిక, కానీ 1990ల్లో కోస్టర్, లెవిన్ అనే పరిశోధకులు నిజంగా మనుషుల చేత టైప్ చేయించి చూస్తే నొక్కుళ్ళు తగ్గినా వేగం పెరగకపోవడం, కొందరిలో తగ్గడం కూడా కనిపించింది. ప్రతి నొక్కుడు ముందూ పట్టీ చదవాలి, కావాల్సింది ఉందో లేదో తేల్చుకోవాలి, మళ్ళీ అక్షరాల మీదికి రావాలి. 2019లో 37 వేలమంది ఫోన్ టైపింగ్‌ని కొలిచిన ఒక పెద్ద స్టడీలోనూ ఇలాగే తేలింది, సగటు వేగం నిమిషానికి 36 మాటలు, ఆటోకరెక్ట్ వాడేవాళ్ళు వేగంగా ఉన్నారు, సజెషన్లు ఎంచుకుంటూ వెళ్ళేవాళ్ళు నెమ్మదిగా ఉన్నారు. ఆటోకరెక్ట్ దాని పాటికి అది వెనక సర్దుతుంది, సజెషన్ మాత్రం చూపుని లాగుతుంది. కాబట్టి వేళ్ళు బాగా ఆడేవాళ్ళకి ఆ మూడు మాటల పట్టీ వల్ల లాభం తక్కువే, ఒక్క గుర్తుకి తొమ్మిది సెకన్లు పట్టేవాళ్ళకి మాత్రం పట్టీ చదవడానికి పోయే ఒక సెకను ఏమూలకీ రాదు. ఒకే టెక్నిక్‌ని ఇద్దరికీ ఒకేలా పెట్టడం ఎందుకు తప్పో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు.

ఇక తెలుగు. ఇంగ్లీష్‌లో ‘గో’ అనే మాటకి ఐదు రూపాలు. తెలుగులో ‘వెళ్ళు’కి వెళ్తా, వెళ్ళాను, వెళ్ళలేదు, వెళ్ళాలి, వెళ్ళొచ్చా, వెళ్ళనివ్వు, వెళ్ళిపోయారట, వెళ్ళాలనుకుంటున్నాను... ఎక్కడ ఆపాలో తెలియదు. ఆ చివరి ఒక్కటే ఇరవై గుర్తులు. గూగుల్ వాళ్ళు 2018లో రాసిన పేపర్‌లో ఫోన్ కీబోర్డ్ మోడల్‌కి పదివేల మాటల పట్టిక పెట్టుకున్నామని చెప్పారు, మాటలు ఫోన్ దాటి పోకుండా అక్కడే నేర్చుకునే మంచి పద్ధతి అది, ఇంగ్లీష్‌కి ఆ పదివేలు బాగానే సరిపోతాయి. అదే కొలత తెలుగుకి పెడితే ఓ వంద క్రియలూ వాటి రూపాలూ కలిసే పట్టిక నిండిపోతుంది. అందుకే తెలుగులో పూర్తి మాటని ఊహించడం అన్న పద్ధతే సరైనది కాదు. ముందు మొదలు ఇవ్వాలి, తర్వాత తోకలు ఇవ్వాలి. ‘వెళ్’ ఎంచుకోగానే ‘తా, ళాలి, ళలేదు, ళొచ్చా’ అని నాలుగు తోకలు, అందులో ‘ళాలి’ ఎంచుకుంటే ‘అనుకుంటున్నా, అన్నారు, అంటే’ అని ఇంకో మూడు. మాటలని ముక్కలుగా విడదీసే పద్ధతులు ఇప్పటి మోడళ్ళలో ఎలాగూ ఉన్నాయి, కానీ ఆ ముక్కలు తెలుగు వ్యాకరణం ఒప్పుకునే చోట తెగాలి, స్క్రీన్ మీద మనిషికి అర్థమయ్యేలా కనిపించాలి.

ఇక్కడ తెలుగు సాయం కూడా చేస్తుంది. ‘నేను’ అని మొదలుపెడితే చివర ‘ను’ లేదా ‘నా’, ‘నువ్వు’ అంటే ‘వు’ లేదా ‘వ్’, ‘మీరు’ అంటే ‘రు’, చాలాసార్లు అడగక్కర్లేకుండా పూర్తి చెయ్యొచ్చు. ‘హాస్పిటల్‌కి’ అన్నాక వెళ్ళడమో రావడమో తీసుకెళ్ళడమో తప్ప పెద్దగా ఏమీ ఉండదు. విభక్తి చూసి క్రియ దగ్గరికి దాదాపు వచ్చేయొచ్చు.

కష్టం ఏంటంటే ఏ తెలుగు అన్నది. ఒకే మాట ‘వెళ్ళు’ అనీ ‘వెళ్లు’ అనీ రెండు రకాలుగా రాస్తారు, మోడల్‌కి అవి రెండు వేరు మాటలు. ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టే తెలుగైతే ‘వస్తున్నా’కి ఒక్కొక్కరిది ఒక్కో స్పెల్లింగ్, త కి ఒకరు హెచ్ పెడతారు ఇంకొకరు పెట్టరు. ఈ లిపి మార్పిడి కోసం ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ బృందం అక్షరాంతర్ పేరుతో 21 భాషలకి 2.6 కోట్ల జంటల డేటా బయటపెట్టింది, అది గట్టి పునాది. కానీ యాస సంగతి ఇంకా అలాగే ఉంది. జీవితమంతా ‘పోతున్న’, ‘గిట్లనే’ అని మాట్లాడిన కరీంనగర్ పెద్దాయన గొంతు పోయాక స్క్రీన్ ఆయన చేత ‘వెళ్తున్నాను’, ‘ఇలాగే’ అనిపిస్తే ఇంట్లోవాళ్ళకి అది ఆయన మాటలా వినిపించదు. ‘ఎల్తన్నాను’ అనే శ్రీకాకుళం మనిషికీ అంతే. మిగిలింది ఆ మాటే అయినప్పుడు అది తన యాసలో ఉండాలని కోరుకోవడం చిన్న కోరిక కాదు. దీనికి డేటా ఎక్కడిది అంటే ఇంట్లోనే ఉంది, మాట పోకముందు పంపిన వాట్సాప్ మెసేజ్‌లు, వాయిస్ నోట్లు, పెళ్ళి వీడియోల్లో మాటలు. కండరాలు ఒక్కొక్కటిగా చచ్చుబడిపోయే ఏఎల్ఎస్ లాంటి జబ్బు తెలిసిన రోజే ఇవి దాచిపెట్టుకోమని చెప్పడం మందు రాయడమంత ముఖ్యం.

ఇప్పుడు పెద్ద భాషా మోడళ్ళు వచ్చాక కొత్త దారి ఒకటి తెరుచుకుంది. వాక్యంలో ప్రతి మాటకీ మొదటి అక్షరం మాత్రం కొడితే, అవతలివాళ్ళు అంతకుముందు ఏమడిగారో చూసి మొత్తం వాక్యం అదే రాస్తుంది. గూగుల్ బృందం 2024లో ప్రచురించిన పనిలో కంటి చూపుతో టైప్ చేసే ఇద్దరు ఏఎల్ఎస్ ఉన్నవాళ్ళకి ఇలా వేగం 29 నుంచి 60 శాతం దాకా పెరిగింది. తెలుగులో అదే చేస్తే ‘రే సా డా ద వె’ అని ఐదు అక్షరాలతో ‘రేపు సాయంత్రం డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి’ అని వచ్చేయొచ్చు, చూడ్డానికి చాలా బావుంటుంది.

కానీ ఇంగ్లీష్‌లో ‘కాదు, లేదు’ అని చెప్పే మాట చాలాసార్లు విడిగా నిలబడుతుంది, దాని మొదటి అక్షరం కూడా కొడతారు. తెలుగులో కాదనడం క్రియ తోకలో ఉంటుంది. ‘నొ త’ అని కొడితే ‘నొప్పి తగ్గింది’ అవ్వచ్చు, ‘నొప్పి తగ్గలేదు’ అవ్వచ్చు, ‘తగ్గ’ దాకా రెండూ ఒకటే. మోడల్ ఎక్కువ చూసిందే పైన పెడుతుంది, రాసే మనిషి అప్పటికే అలసిపోయి ఉంటాడు, పక్కన నర్సు ఎదురుచూస్తుంటుంది, పైనున్నది ఎంచుకోవడమో పొరపాటున దాని మీద రెప్ప పడడమో జరిగితే చెప్పాల్సిన దానికి సరిగ్గా ఎదురుమాట బయటికొస్తుంది. మొదటి అక్షరంతో పాటు చివరిది కూడా కొట్టించొచ్చు, ‘ది’ అయితే తగ్గింది, ‘దు’ అయితే తగ్గలేదు. అన్నిచోట్లా అది కుదరదు, వెళ్ళాను, వెళ్తాను, వెళ్ళను మూడింటికీ చివర ‘ను’నే.

కాబట్టి తెలుగు కోసం ఇలాంటి బోర్డ్ కట్టేవాళ్ళు మొదటి రోజే చెయ్యాల్సిన పని ఒకటుంది. ఏ క్రియ సజెస్ట్ చేసినా దాని పక్కనే, ఎప్పుడూ అదే గడిలో, దాని కాదన్న రూపం పెట్టాలి. తగ్గింది పక్కన తగ్గలేదు, తింటా పక్కన తినను, కావాలి పక్కన వద్దు. పట్టీలో ఒక గడి అలా పోతుంది, నొక్కుళ్ళ ఆదా లెక్కలో అది నష్టంగానే కనిపిస్తుంది, ఆ నష్టం పడొచ్చు.